పిల్లల గుండె ఇన్ఫెక్షన్: బెడ్‌సైడ్ ఎకో ఏం చెప్పగలదు, ఏం చెప్పలేదు

జ్వరంతో, ఆయాసంతో వచ్చిన బిడ్డను ఎమర్జెన్సీలో పడుకోబెట్టగానే డ్యూటీ డాక్టర్ ఒక చిన్న మెషీన్ లాక్కొచ్చి, ఛాతీ మీద జెల్ రాసి, నాలుగైదు నిమిషాలు గుండెను చూస్తారు. "గుండె బాగానే కొట్టుకుంటోంది" అంటారు. రెండు మూడు రోజులయ్యాక కార్డియాలజిస్ట్ వచ్చి మళ్లీ స్కాన్ చేసి, వాల్వ్ మీద ఇన్ఫెక్షన్ ఉందంటారు. తల్లిదండ్రులకు టెన్షన్‌తో పాటు ఒక అనుమానం కూడా మొదలవుతుంది: మరి మొదటి స్కాన్ తప్పా? అప్పుడే ఎందుకు చెప్పలేదు?

చాలాసార్లు మొదటి స్కాన్ తప్పేమీ కాదు. ఆ స్కాన్‌తో వెతికింది వేరు. "ఈ బిడ్డ గుండె ఇప్పుడు కష్టంలో ఉందా?" అన్న ప్రశ్నకు బెడ్‌సైడ్ ఎకో, అంటే మంచం దగ్గరే ధ్వని తరంగాలతో చేసే ఈ గుండె స్కాన్, బాగా జవాబిస్తుంది. "గుండెలో ఇన్ఫెక్షన్ ఉందా?" అన్న ప్రశ్నకు అప్పుడప్పుడు "ఉంది" అనగలదు. "లేదు" అని తేల్చే శక్తి మాత్రం దానికి చాలా తక్కువ. ఈ తేడాకు కొంత కారణం జబ్బులో ఉంది, కొంత ధ్వని తరంగాల స్వభావంలో ఉంది, మిగతాది మామూలు లెక్కల్లో ఉంది.

ఒకే పేరు కింద మూడు జబ్బులు

వాడుకలో "గుండెకు ఇన్ఫెక్షన్" అంటాం గానీ, గుండెలో అది ఏ పొరకు సోకిందన్నదాన్ని బట్టి జబ్బే మారిపోతుంది.

గుండె లోపలి గోడలకూ వాల్వులకూ ఒక పలుచని పొర ఉంటుంది. దానికి బాక్టీరియా, అరుదుగా ఫంగస్, పట్టుకుంటే ఎండోకార్డైటిస్. రక్తంలో తిరిగే క్రిములు దెబ్బతిన్న చోట అంటుకుంటాయి, వాటి చుట్టూ ప్లేట్‌లెట్లు, రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రిన్ పోగులు పేరుకుంటాయి. అలా తయారైన చిన్న ముద్దను డాక్టర్లు వెజిటేషన్ అంటారు. స్టెఫిలోకాకస్ ఆరియస్, విరిడాన్స్ జాతి స్ట్రెప్టోకాకై పిల్లల్లో ఎక్కువగా కనిపించే క్రిములు. పుట్టుకతో గుండెలో లోపం ఉన్నవాళ్లు, గుండె ఆపరేషన్‌లో ప్యాచో కృత్రిమ వాల్వో పెట్టించుకున్నవాళ్లు, చాలా రోజులు సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి వేసే గొట్టం) ఉన్న నెలలు నిండని శిశువులు దీనికి ఎక్కువగా గురవుతారు. రుమాటిక్ గుండె జబ్బుతో పాడైన వాల్వులూ అంతే.

మధ్యలో ఉండే కండరం వాస్తే మయోకార్డైటిస్. దీనికి ఎక్కువగా వైరస్‌లు కారణం: కాక్సాకీ బి లాంటి ఎంటరోవైరస్‌లు, పార్వోవైరస్ బి19, అడినోవైరస్, ఇటీవలి కాలంలో కోవిడ్ వైరస్. ఇక్కడ ముద్దలేమీ ఉండవు, కండరం బలం తగ్గుతుంది. కొన్నిసార్లు బలం తగ్గకుండా గుండె లయ మాత్రమే చెడుతుంది.

గుండె చుట్టూ ఉండే సంచి వాస్తే పెరికార్డైటిస్. వైరస్ వల్లయితే చాలావరకు దానంతటదే తగ్గుతుంది. అదే సంచిలో స్టెఫిలోకాకస్ చీము చేరినా, క్షయ వల్ల నీరు చేరినా ప్రాణం మీదికి రావచ్చు.

రుమాటిక్ ఫీవర్‌ను కూడా చాలామంది ఈ జాబితాలో కలిపేస్తారు. అందులో గుండెలో క్రిమి ఉండదు. గొంతుకు సోకిన గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ మీద శరీరం చేసిన యుద్ధం వాల్వుల మీదికి మళ్లుతుంది. అది వేరే కథ, ఇక్కడ దాన్ని పక్కన పెడదాం.

మంచం దగ్గరి స్కాన్‌కూ పూర్తి ఎకోకూ తేడా

గుండెను ధ్వని తరంగాలతో చూడడం 1953లో స్వీడన్‌లోని లుండ్‌లో మొదలైంది. డాక్టర్ ఇంగే ఎడ్లర్, భౌతిక శాస్త్రవేత్త హెల్ముట్ హెర్ట్జ్ ఆ పని చేశారు. అప్పటి యంత్రం ఓడలు కట్టే చోట లోహంలో పగుళ్లు వెతకడానికి వాడేది. ఇప్పుడు ఫోన్‌కు తగిలించుకునే ప్రోబ్‌లు వచ్చాయి. అయితే ఇక్కడ మనకు ముఖ్యం యంత్రం సైజు కాదు, పరీక్ష సైజు.

పూర్తి ఎకోలో శిక్షణ పొందిన టెక్నీషియనో పిల్లల కార్డియాలజిస్టో ఛాతీ మీద అనేక కోణాల నుంచి, పొట్ట పై భాగం నుంచి, మెడ కింద గుంట నుంచి గుండెను వరుసగా చూస్తారు. ప్రతి వాల్వూ, ప్రతి గదీ, గదుల మధ్య గోడలు, గుండెలోకి వచ్చే సిరలు, పోయే ధమనులు, రక్తం ఎటు ఎంత వేగంతో పారుతోందో తెలిపే డాప్లర్ కొలతలు అన్నీ ఉంటాయి. ఏడ్చే పసిబిడ్డ అయితే ముప్పావుగంట, గంట పడుతుంది. కొన్నిసార్లు మత్తు ఇవ్వాల్సి వస్తుంది.

బెడ్‌సైడ్ ఎకోలో, అంటే డాక్టర్లు పోకస్ అని పిలిచేదాంట్లో, బిడ్డకు వైద్యం చేస్తున్న డాక్టరే ప్రోబ్ పట్టుకుంటారు. సాధారణంగా నాలుగు కోణాలు చూస్తారు: ఛాతీ ఎముక పక్క నుంచి నిలువుగా, అక్కడే అడ్డంగా, గుండె కొన దగ్గర నుంచి, ఛాతీ ఎముక కింద నుంచి. చివరి కోణంలోనే కింది నుంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిరను కూడా చూస్తారు. వెతికేవి కూడా కొన్నే. ఎడమ జఠరిక గట్టిగా పిండుతోందా లేదా? గుండె చుట్టూ నీరు ఉందా? కుడి వైపు ఉబ్బిందా? పెద్ద సిర నిండుగా ఉందా, ఖాళీగా ఉందా?

ఈ జాబితాలో "వాల్వుల మీద ముద్దలు ఉన్నాయా" అన్నది లేదు. మొదటి స్కాన్‌లోనే ఎందుకు చెప్పలేదన్న ప్రశ్నకు సగం జవాబు ఇదే. కనబడితే డాక్టర్ కళ్లు మూసుకోరు, కానీ ఆ పరీక్షను దానికోసం తయారు చేయలేదు.

కండరం బలహీనపడినప్పుడు ఇది ఆట మార్చేస్తుంది

ఊహించి ఒక ఉదాహరణ తీసుకుందాం. ఐదేళ్ల పాప, 18 కిలోలు. నాలుగు రోజులుగా జలుబు, నిన్నటి నుంచి వాంతులు. ఎమర్జెన్సీకి వచ్చేసరికి ఊపిరి వేగంగా ఉంది, నాడి నిమిషానికి 170, చేతులు చల్లగా ఉన్నాయి. చూడగానే తట్టేది వాంతులతో నీరు కోల్పోయిందనో, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందనో. రెండింటికీ మొదటి వైద్యం సెలైన్. కిలోకు 20 మిల్లీలీటర్ల లెక్కన 360 మిల్లీలీటర్లు వేగంగా ఎక్కించాలి.

ఇప్పుడు అదే మంచం దగ్గర ప్రోబ్ పెట్టారనుకోండి. ఎడమ జఠరిక ఉబ్బి ఉంది. సడలినప్పుడు లోపలి వెడల్పు 42 మిల్లీమీటర్లు, పిండినప్పుడు 37. అంటే తగ్గింది 5 మిల్లీమీటర్లే. 42లో 5 అంటే 12 శాతం. ఈ లెక్కను ఫ్రాక్షనల్ షార్టెనింగ్ అంటారు, పిల్లల్లో మామూలుగా 28 శాతం పైన ఉండాలి. పెద్ద సిర నిండి ఉబ్బి ఉంది, ఊపిరి తీసుకున్నా సన్నబడడం లేదు. ఈ పాపకు నీరు తక్కువ కాలేదు. ఉన్న నీటినే గుండె తోయలేకపోతోంది. 360 మిల్లీలీటర్లు ఒక్కసారిగా ఎక్కిస్తే అది ఊపిరితిత్తుల్లోకి చేరే ప్రమాదం ఉంది.

పిల్లల్లో మయోకార్డైటిస్ మొదట ఆయాసంగానో, కడుపు జబ్బుగానో కనిపించి డాక్టర్లను దారి తప్పించడం బాగా తెలిసిన విషయం. స్టెతస్కోప్‌తో, చేతితో కాలేయం తడిమి పట్టుకోగల డాక్టర్లు ఉన్నారు, కానీ వేగంగా కొట్టుకునే చిన్న గుండెలో ఆ ఆనవాళ్లు సులువుగా దొరకవు. పైగా సెలైన్ అన్నిసార్లూ మేలే చేస్తుందన్న నమ్మకం కూడా ఇప్పుడు మునుపటిలా లేదు. 2011లో వెలువడిన ఫీస్ట్ అనే పరీక్ష ఫలితాలు అందుకు ఒక కారణం. కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో 3,141 మంది జ్వరపీడిత పిల్లల మీద జరిగిన ఆ పరీక్షలో సెలైన్ గానీ అల్బుమిన్ అనే రక్త ప్రొటీన్ ద్రావణం గానీ వేగంగా ఎక్కించిన పిల్లల్లో 48 గంటల్లో మరణాలు సుమారు 10.5 శాతం. అలా ఎక్కించని పిల్లల్లో 7.3 శాతం. ఆ పిల్లలకు ఉన్నవి మయోకార్డైటిస్ కేసులని కాదు, ఐసీయూ ఉన్న ఆస్పత్రులకు అదే లెక్క వర్తిస్తుందా అన్నదీ చర్చలోనే ఉంది. ఒకటి మాత్రం స్పష్టం: ఎక్కించే ముందు గుండెను ఓసారి చూడడం దండగ పని కాదు.

ఇక్కడ కూడా ఒక మెలిక ఉంది. గుండె బలహీనంగా ఉందని స్కాన్ చెబుతుంది. ఎందుకు ఉందో చెప్పదు. రక్తంలో ఇన్ఫెక్షన్ తీవ్రమైనా కండరం సడలవచ్చు. గుండె ఉబ్బి కండరం బలహీనపడే డైలేటెడ్ కార్డియోమయోపతి అనే జబ్బు కావచ్చు. పసిపిల్లల్లో ఎడమ కరోనరీ ధమని బృహద్ధమనికి బదులు ఊపిరితిత్తుల ధమని నుంచి పుట్టే లోపం ఉంటే, చూడడానికి అచ్చం మయోకార్డైటిస్‌లాగే ఉంటుంది. దానికి మందులు చాలవు, ఆపరేషన్ కావాలి. ఆ రెండు మిల్లీమీటర్ల ధమని ఎక్కడ పుడుతోందో వెతకడం పూర్తి ఎకో పని.

రివర్స్‌లో కూడా అంతే. కండరం వాపు అక్కడక్కడా మచ్చలుగా ఉంటే పిండే బలం మామూలుగానే కనిపిస్తుంది. అలాంటి పిల్లలు ఛాతీ నొప్పితోనో, లయ తప్పడంతోనో వస్తారు. అక్కడ ఈసీజీ, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్, తర్వాత ఎమ్మారై మాట్లాడతాయి. ఎమ్మారై ద్వారా కండరం వాపును గుర్తించే లేక్ లూయీస్ ప్రమాణాలు 2009లో వచ్చాయి, 2018లో సవరించారు. వాటికి బెడ్‌సైడ్ ఎకో పోటీ కాదు.

చుట్టూ నీరు చేరితే

ఈ మూడింటిలో బెడ్‌సైడ్ ఎకోకు తిరుగులేని చోటు ఇదే. నీరు తెర మీద నల్లగా కనిపిస్తుంది, కొత్తగా నేర్చుకున్నవాళ్లు కూడా త్వరగానే గుర్తుపడతారు. ఆ నీటి ఒత్తిడికి కుడి వైపు గదులు లోపలికి సొట్టపోవడం, పెద్ద సిర ఉబ్బిపోవడం చూస్తే గుండె నొక్కుకుపోతోందని, అంటే టాంపొనేడ్ అని, అర్థం. సూది పెట్టి నీరు తీసేటప్పుడు కూడా అదే ప్రోబ్ దారి చూపిస్తుంది.

పొరపాటు పడే సందర్భం ఒకటుంది. ఎడమ ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు కూడా గుండె వెనకాల నల్లగానే కనిపిస్తుంది. వెన్ను వైపు దిగే బృహద్ధమనికి ముందు భాగంలో నీరు ఉంటే గుండె సంచిలోది, వెనక ఉంటే ఊపిరితిత్తి చుట్టూ ఉన్నది. ఇది తెలిసినవాళ్లకు చిన్న విషయం, తెలియనివాళ్లకు పెద్ద ప్రమాదం.

వాల్వ్ మీది ముద్ద ఎందుకు దొరకదు

అసలు చిక్కు ఎండోకార్డైటిస్‌తోనే. అందుకే మిగతా వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే.

శరీరంలోని మెత్తని కణజాలంలో ధ్వని సెకనుకు సుమారు 1,540 మీటర్ల వేగంతో పోతుంది. పెద్దవాళ్ల గుండెకు వాడే 2.5 మెగాహెర్ట్జ్ ప్రోబ్‌లో ఒక తరంగం పొడవు సుమారు 0.6 మిల్లీమీటర్లు. పిల్లలకు వాడే 8 మెగాహెర్ట్జ్ ప్రోబ్‌లో 0.2 మిల్లీమీటర్ల లోపే. తరంగం ఎంత చిన్నదైతే అంత సూక్ష్మమైన వస్తువు విడిగా కనిపిస్తుంది. కాకపోతే అది లోతుకు పోలేదు. పిల్లల ఛాతీ పలుచన కాబట్టి చిన్న తరంగాలు సరిపోతాయి. అందుకే ఛాతీ మీద నుంచి చేసే ఎకో పెద్దవాళ్లలో కంటే పిల్లల్లో బాగా పనిచేస్తుంది. పెద్దల్లో సొంత వాల్వుల మీది వెజిటేషన్లను అది 70 శాతం దాకా పట్టుకుంటుందని లెక్క. కృత్రిమ వాల్వులైతే సగమే. ఇంకా స్పష్టంగా కావాలంటే గొంతులోంచి ప్రోబ్ దించి అన్నవాహిక నుంచి చూస్తారు. ఒళ్లు తక్కువున్న చిన్నపిల్లల్లో చాలావరకు ఆ అవసరం రాదు.

ఇదంతా పూర్తి ఎకో గురించి. అదే గదిలో డ్యూటీ డాక్టర్ చేతిలో ఉన్న ప్రోబ్ పెద్దవాళ్ల పొట్ట, గుండె, ఊపిరితిత్తులు అన్నింటికీ పనికొచ్చేలా అమర్చినది కావచ్చు. అప్పుడు పిల్లల గుండెకున్న సహజమైన వెసులుబాటు సగం పోయినట్టే.

వేగం ఇంకో సమస్య. జ్వరంతో ఉన్న పసిబిడ్డ గుండె నిమిషానికి 160 సార్లు కొట్టుకుంటే ఒక్కో స్పందనకు 0.375 సెకన్లు. యంత్రం సెకనుకు 30 చిత్రాలు తీస్తుంటే, ఒక స్పందన మొత్తానికి 11 చిత్రాలు వస్తాయి. వాల్వ్ తెరుచుకుని మూసుకునే క్షణంలో ఒకటో రెండో. రెండు మూడు మిల్లీమీటర్ల ముద్ద ఆ రెక్కతో పాటు ఎగిరిపడుతూ ఉంటుంది. తిరుగుతున్న ఫ్యాన్ రెక్క మీద అంటుకున్న మసిని వెతకడం లాంటిది ఇది. పూర్తి ఎకోలో చూపు పరిధిని ఒక్క వాల్వుకు కుదించి చిత్రాల వేగం పెంచుతారు, నెమ్మదిగా వెనక్కీ ముందుకీ నడిపి చూస్తారు. ఎమర్జెన్సీలో అంత సమయం ఎవరికీ ఉండదు.

మూడోది, ముద్ద ఎక్కడ ఉంటుందన్నది. పుట్టుకతో జఠరికల మధ్య గోడలో రంధ్రం ఉన్న పిల్లల్లో రక్తం ఎడమ నుంచి కుడికి జోరుగా చిమ్ముతుంది. ఆ ధార తగిలి గీసుకుపోయే చోట, అంటే కుడి జఠరిక వైపున, క్రిములు పట్టుకుంటాయి. కుడి జఠరిక నుంచి ఊపిరితిత్తులకు కృత్రిమ గొట్టం వేసిన పిల్లల్లో ఆ గొట్టం ఛాతీ ఎముక వెనకాలే ఉంటుంది. ఎముక ధ్వనిని అడ్డుకుంటుంది, గొట్టం గోడలు నీడ వేస్తాయి. ముప్పు ఎక్కువున్న పిల్లల్లోనే చూడడం కష్టం కావడం ఈ జబ్బు పెట్టే వింత పరీక్ష.

నాకు అన్నిటికన్నా ప్రమాదకరంగా అనిపించేది మరొకటి. ఎడమ కర్ణికకూ ఎడమ జఠరికకూ మధ్య ఉండే మైట్రల్ వాల్వును ఇన్ఫెక్షన్ హఠాత్తుగా చీల్చేస్తే రక్తం వెనక్కి కారుతుంది. ఆ నష్టం పూడ్చుకోవడానికి, పైగా కొంత రక్తం తక్కువ ఒత్తిడి ఉన్న గదిలోకి సులువుగా పోతుంది కాబట్టి, ఎడమ జఠరిక మామూలు కంటే జోరుగా పిండుతున్నట్టు కనిపిస్తుంది. "గుండె బాగా పిండుతోంది" అన్న మాట అప్పుడు నిజమే, ధైర్యం చెప్పేది మాత్రం కాదు. రంగుల డాప్లర్ పెట్టి చూస్తే తప్ప లీకు తెలియదు.

డ్యూక్ ప్రమాణాల్లో ఎకో వాటా ఎంత

ఎండోకార్డైటిస్‌ను ఏ ఒక్క పరీక్షతోనూ తేల్చరు. 1994లో డ్యూక్ యూనివర్సిటీ వైద్యులు ఒక పాయింట్ల పద్ధతి పెట్టారు. 2000లో దాన్ని సవరించారు, 2023లో మళ్లీ విస్తరించారు. పెద్ద ఆధారాలు ప్రధానంగా రెండు రకాలు: రక్తం కల్చర్‌లో (రక్తంలోని క్రిములను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో) తగిన క్రిమి పదేపదే దొరకడం, ఎకో వంటి చిత్రాల్లో వెజిటేషన్, చీముగడ్డ, కొత్త లీకు లాంటివి కనిపించడం. చిన్న ఆధారాల్లో గుండెలో ముందే లోపం ఉండడం, 38 డిగ్రీల సెల్సియస్ లేదా ఆపైన జ్వరం, ముద్ద ముక్కలు తెగి వేరే అవయవాల్లో ఇరుక్కోవడం, రోగనిరోధక వ్యవస్థ చూపే కొన్ని లక్షణాలు వంటివి ఉన్నాయి. రెండు పెద్దవి గానీ, ఒక పెద్దదీ మూడు చిన్నవీ గానీ, ఐదు చిన్నవి గానీ ఉంటే ఖాయం. ఒక పెద్దదీ ఒక చిన్నదీ గానీ, మూడు చిన్నవి గానీ ఉంటే "అవకాశం ఉంది" అన్న విభాగం.

ఇదీ ఊహించిన ఉదాహరణే. తొమ్మిదేళ్ల బాబు. జఠరికల మధ్య రంధ్రానికి చిన్నప్పుడు ప్యాచ్ వేశారు, అంచున కొంచెం లీకు మిగిలింది. మూడు వారాలుగా జ్వరం వచ్చి పోతోంది, ఆకలి లేదు. గుండె లోపం ఒక చిన్న ఆధారం, జ్వరం రెండోది. యాంటీబయాటిక్ ఇవ్వక ముందే వేర్వేరు చోట్ల నుంచి తీసిన రక్తం కల్చర్లలో విరిడాన్స్ స్ట్రెప్టోకాకస్ పెరిగింది, అది పెద్ద ఆధారం. మొత్తం ఒక పెద్దది, రెండు చిన్నవి. అవకాశం ఉంది, ఖాయం కాలేదు.

డ్యూటీ డాక్టర్ బెడ్‌సైడ్ ఎకో చేశారు. ఏమీ కనిపించలేదు. లెక్క మారిందా? మారలేదు. డ్యూక్ పద్ధతిలో "ఎకోలో లేదు" అన్నదానికి మైనస్ పాయింట్లు ఉండవు. మర్నాడు పూర్తి ఎకోలో కుడి జఠరిక వైపు ప్యాచ్ అంచున 5 మిల్లీమీటర్ల ముద్ద ఊగుతూ కనిపిస్తే రెండు పెద్ద ఆధారాలై ఖాయం అవుతుంది. కనిపించకపోయినా, తెగిన ముక్కలు ఊపిరితిత్తుల్లో ఇరుక్కున్నట్టు సీటీలో తేలితే మూడో చిన్న ఆధారం చేరి అప్పుడూ ఖాయమే. పూర్తి ఎకో కూడా మొదటిసారి ఏమీ చూపకపోతే, అనుమానం గట్టిగా ఉన్నప్పుడు ఐదారు రోజుల తర్వాత మళ్లీ చేస్తారు. ముద్ద ఈలోపు పెరగొచ్చు.

ఈ బాబు విషయంలో ఫలితాన్ని నిలబెట్టింది రక్తం కల్చర్. స్కాన్ మెషీన్ మీద జనానికీ డాక్టర్లకూ ఉన్న మోజు చూస్తే ఈ మాట కొంచెం గట్టిగానే చెప్పాలనిపిస్తుంది. కల్చర్‌కు రక్తం తీయకముందే యాంటీబయాటిక్ మొదలుపెడితే క్రిమి దొరక్కుండా పోవచ్చు. ఆ లోటును తర్వాత ఎంత మంచి ఎకో అయినా పూర్తిగా పూడ్చలేదు.

అదే స్కాన్, అదే నైపుణ్యం, వేరే పిల్లలు

పరీక్ష ఎంత మంచిదన్నది అది ఎవరికి చేశారన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. కింది అంకెలు కేవలం లెక్క చూపించడానికి అనుకున్నవి. బెడ్‌సైడ్ ఎకో నిజంగా వెజిటేషన్ ఉన్న పిల్లల్లో 60 శాతం మందిని పట్టుకుంటుందని, లేనివాళ్లలో 95 శాతం మందికి సరిగ్గా "లేదు" అంటుందని అనుకుందాం.

మొదటి గుంపు: జ్వరంతో వచ్చిన 1,000 మంది పిల్లలు, వాళ్లలో 10 మందికి ఎండోకార్డైటిస్ ఉందనుకుందాం. నిజ జీవితంలో అంతమందికి ఉండదు. ఇది పిల్లల్లో చాలా అరుదైన జబ్బు. స్కాన్ 10 మందిలో ఆరుగురిని పట్టుకుంటుంది. జబ్బు లేని 990 మందిలో 5 శాతం, అంటే సుమారు 50 మందికి, ఉన్నట్టు చూపిస్తుంది. "ఉంది" అన్న 56 మందిలో నిజంగా ఉన్నది ఆరుగురికే, 11 శాతం. మిగిలిన 50 కుటుంబాలకు నిద్రలేని రాత్రులు, అనవసరమైన సూదులు.

రెండో గుంపు: గుండె ఆపరేషన్ అయ్యి, జ్వరంతో, కల్చర్‌లో క్రిమి దొరికిన 100 మంది. వాళ్లలో 40 మందికి జబ్బు ఉందనుకుందాం. స్కాన్ 24 మందిని పట్టుకుంటుంది, 16 మందిని వదిలేస్తుంది. లేని 60 మందిలో ముగ్గురికి తప్పుగా "ఉంది" అంటుంది. అంటే "ఉంది" అన్న 27 మందిలో 24 మందికి నిజంగానే ఉంది, 89 శాతం. ఆ మాట నమ్మొచ్చు. కానీ "లేదు" అన్న 73 మందిలో 16 మందికి జబ్బు ఉంది. ప్రతి ఐదుగురిలో ఒకరి కంటే ఎక్కువ.

మొదటి గుంపులో స్కాన్ "ఉంది" అంటే నమ్మడం కష్టం, రెండో గుంపులో "లేదు" అంటే నమ్మడం ప్రమాదం. జ్వరం వచ్చిన ప్రతి బిడ్డకూ వాల్వులు వెతకడం వల్ల లాభం లేదని కార్డియాలజిస్టులు అనేది మొదటి గుంపును చూసి.

తప్పుగా "ఉంది" అనిపించేవి ఏమిటని అడగొచ్చు. పిల్లల గుండెలో పుట్టుకతో మిగిలే మామూలు పొరలు చాలా ఉన్నాయి. కుడి కర్ణికలో యూస్టేషియన్ వాల్వ్, కొందరిలో వల లాంటి కియారీ నెట్‌వర్క్, జఠరికలో అడ్డంగా తీగలా ఉండే కండర పోగులు, సెంట్రల్ లైన్ కొస మీద గడ్డకట్టిన రక్తం, ఆపరేషన్ కుట్లు. ఇవన్నీ తెర మీద తెల్లగా మెరుస్తాయి, కొన్ని ఊగుతాయి కూడా. లైన్ కొస మీది గడ్డలో ఇన్ఫెక్షన్ ఉందా లేదా అన్నది అనుభవజ్ఞులకే తేలిగ్గా తేలదు.

రెండు వైపుల వాదన

ఎమర్జెన్సీ, ఐసీయూ డాక్టర్లు చెప్పేది ఇది: రాత్రి రెండు గంటలకు పిల్లల కార్డియాలజిస్ట్ దొరకరు, చాలా ఆస్పత్రుల్లో పగలు కూడా దొరకరు. గుండె నొక్కుకుపోతున్న బిడ్డకు పొద్దున దాకా ఆగే సమయం లేదు. రేడియేషన్ లేదు, నొప్పి లేదు, గంటగంటకూ మళ్లీ చూడొచ్చు. ముద్ద కనిపించకపోయినా, కొత్త లీకో, బలహీనమైన కండరమో కనిపిస్తే పూర్తి ఎకో వెంటనే చేయించాలని, వేరే ఆస్పత్రికి పంపాలని నిర్ణయం తీసుకోవచ్చు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లోనే పిల్లల ఎమర్జెన్సీ వైద్యంలో ఈ స్కాన్‌కు మద్దతుగా విధాన ప్రకటన చేసింది.

పిల్లల కార్డియాలజిస్టులు ఈ ఉపయోగాల్లో వేటినీ కాదనరు. వాళ్ల భయం వేరు. ఒకసారి ఫైల్‌లో "ఎకో నార్మల్" అని రాస్తే ఆ తర్వాత చూసే ప్రతి డాక్టరూ ఆ మాటను మోస్తూ వెళ్తారు. అది నాలుగు నిమిషాల స్కానా, గంట సేపు చేసిన పూర్తి ఎకోనా అని ఎవరూ అడగరు. పైగా పిల్లల గుండెలో పుట్టుకతో వచ్చే లోపాల రకాలు పెద్దల ఎకో నేర్చుకున్నవాళ్లకు పరిచయం లేనివి. యూరప్‌లోని పిల్లల, నవజాత శిశువుల ఐసీయూ వైద్యుల సంఘం ఈఎస్‌పీఎన్ఐసీ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు మధ్యేమార్గంగా ఉన్నాయి. గుండె పిండే తీరు అంచనా వేయడానికి, చుట్టూ నీరు గుర్తించడానికి బెడ్‌సైడ్ స్కాన్ వాడొచ్చన్నాయి. ప్రత్యేకంగా ఎకో శిక్షణ లేనివాళ్లు పుట్టుక లోపాల కోసం దీన్ని వడపోత పరీక్షగా వాడకూడదన్నాయి. ఎండోకార్డైటిస్ వచ్చే పిల్లల్లో చాలామందికి అలాంటి లోపమే ఉంటుంది కాబట్టి ఆ హద్దు ఇక్కడా వర్తిస్తుందని నా ఉద్దేశం.

రెండు పక్షాలూ ఒప్పుకునే పాయింట్ ఒకటి ఈ గొడవలో మరుగున పడుతుంది. స్కాన్ చేసిన వీడియోలు దాచిపెట్టాలి. చూసి, తుడిచేసి, "బాగుంది" అని రాస్తే రేపు కార్డియాలజిస్టుకు పోల్చుకోవడానికి ఏమీ మిగలదు. లీకు నిన్న లేదా, లేక నిన్న ఎవరూ చూడలేదా అన్నది వైద్యాన్నే మారుస్తుంది. కొత్త లీకు డ్యూక్ లెక్కలో పెద్ద ఆధారం, పాత లీకు కాదు.

డ్యూక్ ప్రమాణాలు ఖాళీగా వదిలిన చోటు

2023 సవరణలో ఒక ఆసక్తికరమైన మార్పు ఉంది. ఎకో అందుబాటులో లేని చోట స్టెతస్కోప్‌తో కొత్త లీకు చప్పుడు వినిపిస్తే దాన్ని చిన్న ఆధారంగా లెక్కించవచ్చన్నారు. అదే చోట ఒక డాక్టర్ చేతిలో చిన్న ప్రోబ్ ఉండి, దాంతో వాల్వ్ మీద ఊగే ముద్ద కనిపిస్తే? ప్రమాణాలు ఎకోలో ఏం కనిపించాలో చెబుతాయి, ప్రోబ్ ఎవరి చేతిలో ఉండాలో చెప్పవు. అక్షరాలా చదివితే అది పెద్ద ఆధారమే. ఆచరణలో చాలామంది కార్డియాలజిస్టులు తామే మళ్లీ చూసి నిర్ధారించాక గానీ దాన్ని లెక్కలో వేయరు. ఈలోపు కల్చర్లు తీసి యాంటీబయాటిక్ మొదలుపెట్టడానికి మాత్రం అడ్డేమీ ఉండదు. నాలుగు నుంచి ఆరు వారాలు నరం ద్వారా నడిచే ఆ వైద్యాన్ని చివరిదాకా కొనసాగించాలా, ఆపరేషన్ అవసరమా అన్నవి పూర్తి ఎకో, కల్చర్ ఫలితాలు చేతికొచ్చాక తేలే విషయాలు.